హెచ్‌ఓ స్కేలులో మన రైలు: వెదరింగ్, ఫోటోగ్రఫీపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ 1:87 నిష్పత్తిలో, అంటే హెచ్‌ఓ స్కేలులో, భారతీయ రైల్వేని మోడల్‌గా కట్టుకునేవాళ్ల కోసం. వెదరింగ్ అంటే కొత్త మోడల్‌ని ఎండకీ వానకీ పాతబడి మురికి పట్టినట్టు చేయడం. ఉదాహరణలు ఎక్కువగా రెండు చోట్ల నుంచి తీసుకున్నవి. ఒకటి, బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖకు దించే కొత్తవలస–కిరండూల్ లైను. రెండోది, సింగరేణి బొగ్గు తిరిగే రామగుండం, కాజీపేట ప్రాంతం. ఎన్ స్కేలు, ఓఓ స్కేలు వాళ్లు కొలతలు మార్చుకుంటే చాలు, పద్ధతి ఒకటే.

ముందుగా ఏ రంగు కొనాలి?

రంగు సంగతి తర్వాత. ముందు మీ బండికి మురికి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోండి. చక్రాలు ఎగజిమ్మే దుమ్ము కింది నుంచి పైకి పోతుంది, అందుకే కింద దట్టంగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉంటుంది. వాన నీళ్ల చారలు పై నుంచి కిందికి సన్నగా దిగుతాయి. డీజిల్ మసి కప్పు మీద, పొగ గొట్టం చుట్టూ పేరుకుంటుంది. బ్రేకు దుమ్ము చక్రాల ఫ్రేముల మీద. తుప్పు మాత్రం పెయింటు లేచిన చోట, వెల్డింగు అతుకుల దగ్గర, నీళ్లు నిలిచే మూలల్లో. ఈ నాలుగైదు కారణాల్లో మీ వ్యాగన్‌కి ఏవి వర్తిస్తాయో కాగితం మీద రాసుకుంటే, కొనాల్సిన సీసాలు సగానికి సగం తగ్గిపోతాయి.

రెండో సంగతి వెలుతురు. ఫోటో ఏ దీపం కింద తీయబోతున్నారో ఆ దీపం కిందే వెదరింగ్ చేయండి. పసుపు బల్బు కింద కలిపిన తుప్పు రంగు 5000 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ కిందికి రాగానే వేరే రంగులా కనిపిస్తుంది. ఈ పేజీలో వెదరింగునీ ఫోటోగ్రఫీనీ కలిపి రాయడానికి కారణం ఇదే: కంటికి సరిపోయిన మురికి కెమెరాకి దాదాపు ఎప్పుడూ ఎక్కువవుతుంది.

సరే, సామాను ఏమేం కావాలి?

మొదటి వ్యాగన్‌కి ఎయిర్‌బ్రష్, అంటే గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పనిముట్టు, అక్కర్లేదు. ఇవి ఉంటే చాలు:

- ఆక్రిలిక్ రంగులు నాలుగు: టామియా అయితే ఎక్స్‌ఎఫ్-10 గోధుమ, ఎక్స్‌ఎఫ్-64 ఎర్ర గోధుమ, ఎక్స్‌ఎఫ్-57 బఫ్, ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్. వయేహోలో దగ్గరి రంగులు తీసుకున్నా ఒకటే.
- ఆయిల్ రంగులు రెండు చిన్న ట్యూబులు: బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా.
- వాసన లేని మినరల్ స్పిరిట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్.
- మెరవని మ్యాట్ వార్నిష్, మెరిసే గ్లాస్ వార్నిష్.
- సాఫ్ట్ పేస్టల్ కడ్డీలు: నలుపు, బూడిద, రెండు మూడు గోధుమ ఛాయలు. వీటిని బ్లేడుతో గీకితే మంచి పౌడర్ వస్తుంది. స్టేషనరీ షాపులో అడిగేటప్పుడు సాఫ్ట్ పేస్టల్ అని గట్టిగా చెప్పండి. పిల్లల ఆయిల్ పేస్టల్ చేతిలో పెడితే అది మైనంలా ఉండలు కడుతుంది, పనికిరాదు.
- మేకప్ స్పాంజి, పాత బ్రష్షులు, చదును బ్రష్షు ఒకటి, ఇయర్ బడ్స్.

తర్వాత ఎయిర్‌బ్రష్ కొంటే 0.3 మి.మీ. నాజిల్ ఉన్నది సరిపోతుంది. దుమ్ము పొరలకి 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి చాలు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే థిన్నర్ వాడొచ్చా?

వద్దు. అక్కడ థిన్నర్ అని అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది ఎన్‌సీ థిన్నర్. అది పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. తుడిచిన చోట వ్యాగన్ గోడ మెత్తబడి వేలిముద్ర పడిపోతుంది, అక్షరాలు చెరిగిపోతాయి. ఎయిర్‌బ్రష్ లోపల ఎండిన రంగు కడగడానికి దాన్ని ఉంచుకోండి, అదీ కిటికీ తెరిచి.

ఒక బాక్స్‌ఎన్ వ్యాగన్‌ని మొదటి నుంచి చివరి దాకా ఎలా చేయాలి?

బాక్స్‌ఎన్ అంటే బొగ్గు, ఖనిజం మోసే, పైకప్పు లేని వ్యాగన్. కప్లర్ నుంచి కప్లర్‌కి 10.7 మీటర్లు, మన స్కేలులో 123 మి.మీ. నేర్చుకోవడానికి దీనికి మించిన బండి లేదు. ఎందుకంటే నిజం వ్యాగన్‌ని రోజూ ఎవరూ కడగరు. బలంగా పడిన మురికి దాని మీద అసహజంగా అనిపించదు.

మొదట గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరనివ్వండి. అచ్చు నూనె, వేలి జిడ్డు పోకపోతే తర్వాత వేసే వాష్, అంటే బాగా పలచన చేసిన రంగు, చేప పొలుసుల్లా విడిపోతుంది. చక్రాలు తీసి పక్కన పెట్టండి. కప్లర్లకి టేపు చుట్టండి.

రెండు, రంగు వెలిసినట్టు చేయడం. ఎండలో తిరిగిన ఎర్ర గోధుమ రంగు పలచబడి గులాబీ బూడిదలోకి పోతుంది. బాడీ రంగులోనే 10–15 శాతం బఫ్ కలిపి, ఆక్రిలిక్ థిన్నర్ మూడు వంతులు పోసి, ఒక పలచని పొర ఎయిర్‌బ్రష్‌తో వేయండి. ఎయిర్‌బ్రష్ లేకపోతే స్పాంజితో అద్ది, వెంటనే పొడి బ్రష్‌తో పరచండి. చిన్న బొమ్మ మీద పూర్తి గాఢత ఉన్న రంగు బొమ్మ రంగులాగే కనిపిస్తుంది. ఈ మెట్టు దాటేస్తే తర్వాత ఎంత తుప్పు వేసినా ఆ బొమ్మతనం పోదు.

మూడు, అక్షరాల మీద గ్లాస్ వార్నిష్. ఎస్‌సీ, ఈసీఓ లాంటి జోను గుర్తులు, పీఓహెచ్ (నిర్ణీత కాలానికి చేసే పూర్తి మరమ్మతు) తేదీ గళ్లు డెకాల్స్ (తడిపి అతికించే అక్షరాలు) అయితే వాటిని ఈ పొర కాపాడుతుంది, వాష్ కూడా నున్నగా పాకుతుంది. 24 గంటలు ఆరనివ్వండి.

నాలుగు, వాష్. బర్న్ట్ అంబర్‌ని ముందు అట్టముక్క మీద గంటా రెండు గంటలు ఉంచితే నూనె అట్టలోకి పీల్చుకుపోతుంది, ఎండాక మెరవదు. ఒక వంతు రంగుకి తొమ్మిది పది వంతుల మినరల్ స్పిరిట్. నిలువు పక్కబద్దల మొదళ్లలో, తలుపు చట్రాల చుట్టూ సన్న బ్రష్ మొన ఆనిస్తే చాలు, వాష్ తనంతట తనే గీత పొడుగునా పరుగెడుతుంది. ఇరవై నిమిషాల తర్వాత స్పిరిట్‌లో ముంచి పిండిన చదును బ్రష్‌తో పై నుంచి కిందికి ఒక్క దిశలో లాగండి. మిగిలిన సన్న చారలే వాన చారలు. బ్రష్‌ని అడ్డంగా మాత్రం లాగవద్దు.

ఐదు, తుప్పు మచ్చలు. స్పాంజి కొస చింపి, ఎక్స్‌ఎఫ్-10, ఎక్స్‌ఎఫ్-64 కలిపిన రంగులో అద్ది, రంగంతా కాగితం మీద పోగొట్టి, మిగిలిన కాస్తతో వ్యాగన్ పై అంచుల్ని తాకించండి. లోడు దించే టిప్లర్ యంత్రం పట్టుకుని తిరగేసే బాక్స్‌ఎన్‌లకి పై అంచు ముందు దెబ్బ తింటుంది. తుప్పు అక్కడ ఎక్కువ, గోడ మధ్యలో తక్కువ. పాత తుప్పు చిక్కటి గోధుమ, దాదాపు నలుపు. నారింజ కొత్త తుప్పు. నారింజ గింజంత ఉంటే అందం, గోడంతా ఉంటే అబద్ధం.

ఆరు, మ్యాట్ వార్నిష్. ఏడు, పౌడర్. కింద ఫ్రేముకి బఫ్, గోధుమ కలిపిన దుమ్ము, లోపలి గోడలకి లోడును బట్టి. లోపలి వైపు మర్చిపోయేవాళ్లు చాలామంది. ఖాళీ బాక్స్‌ఎన్ ఫోటోలో ముందు కనిపించేది లోపలే.

పన్నెండు వ్యాగన్లకీ ఒకే మురికి వేయకండి. ఈమధ్యే పీఓహెచ్ అయి వచ్చినట్టు రెండింటిని శుభ్రంగా ఉంచండి. మరో రెండింటికి తేదీ గళ్ల దగ్గర మాత్రం కొత్త పెయింటు చతురస్రం వేసి, చుట్టూ మురికి వదిలేయండి. వ్యాగన్ల వరస మొత్తానికి ప్రాణం అక్కడ వస్తుంది.

కొత్తవలస–కిరండూల్ లైనులో కనిపించే ఎరుపు ఎలా కలపాలి?

ఇది ఇటుక ఎరుపు కాదు. బైలాడిలా ఖనిజం హెమటైట్. రాయిగా చూస్తే ఉక్కు బూడిద ఛాయ, పొడి అయితే ముదురు ఎరుపు. అక్కడే దొరికే మెత్తని రకాన్ని బ్లూ డస్ట్ అంటారు, పేరుకి తగ్గట్టే నీలి బూడిద నిగారింపు ఉంటుంది. కాబట్టి లోడుకి ఒక మిశ్రమం, దుమ్ముకి మరో మిశ్రమం. లోడుకి ముదురు బూడిద రెండు వంతులు, మెరూన్ ఒక వంతు. దుమ్ముకి ఎర్ర గోధుమ పేస్టల్ మూడు వంతులు, నలుపు ఒక వంతు, బూడిద కొంచెం.

ఈ లైను 1960లలో జపాన్‌కి ఖనిజం పంపడానికి వేసింది. అప్పటి నుంచి పడుతున్న దుమ్ము కనుక ఎరుపు వ్యాగన్‌కే పరిమితం కాదు. కంకర, స్లీపర్లు, సిగ్నల్ పెట్టెలు, పట్టాల పక్క గడ్డి అడుగు, ఇంజన్ ఫ్రేములు అన్నీ ఆ ఛాయలోకి తిరగాలి. వ్యాగన్లు ఎర్రగా, ట్రాక్ తెల్లగా ఉన్న లేఅవుట్ ఫోటోలో రెండు వేర్వేరు బొమ్మల్ని అతికించినట్టు ఉంటుంది. అన్నీ అయ్యాక ఆ దుమ్ము మిశ్రమాన్నే చాలా పలచగా ట్రాక్, బండి, గట్టు అన్నింటి మీదా ఒకసారి వేయండి.

లోడు ఎంత ఎత్తు పోయాలి?

తరచుగా తప్పు జరిగేది ఇక్కడే. బాక్స్‌ఎన్ లోపలి ఘనపరిమాణం సుమారు 56 ఘనపు మీటర్లు, మోసే బరువు 58 టన్నుల దరిదాపు. బొగ్గు తేలిక, కాబట్టి గోడ అంచు దాటి గుట్టగా పోయవచ్చు. ఇనుప ఖనిజం ఘనపు మీటరుకి రెండు టన్నులకి పైనే. అందుకే వ్యాగన్ సగం నిండకుండానే బరువు హద్దు దాటుతుంది. ఖనిజాన్ని అంచు దాకా నింపిన మోడల్ చూడగానే రైల్వేవాళ్లు నవ్వుతారు.

బొగ్గుకి అసలు బొగ్గే వాడండి. గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, టీ వడకట్టే జల్లెడతో జల్లించండి. ఫోమ్ ముక్కని గుట్ట ఆకారంలో కోసి నల్ల రంగు వేసి, ఫెవికాల్ పూసి, దాని మీద చల్లండి. మొత్తం బొగ్గే పోస్తే బరువెక్కి ఇంజన్ ఎక్కుడు లాగలేదు.

ప్యాసింజర్ కోచ్‌లకి కూడా ఇదే పద్ధతా?

కాదు. కోచ్‌ల పక్కలు పిట్ లైనులో కడుగుతారు. బ్రష్ అందే చదును భాగం శుభ్రంగా, అందని చోట్లు, అంటే తలుపు గుంతలు, మెట్ల వెనక, చివరి గోడలు, గాంగ్‌వే (కోచ్ నుంచి కోచ్‌కి దారి) చుట్టూ, మురికిగా ఉంటాయి. కిటికీల కింద సన్న చారలు వేయండి. అవి టీ, కిళ్లీ, ఇంకా చెప్పక్కర్లేనివి. బయో టాయిలెట్లు రాకముందు కాలం కడుతుంటే టాయిలెట్ గొట్టం కింద ఫ్రేము, స్టేషన్లో నిలిచే చోట ట్రాక్ మధ్య పట్టీ ముదురు రంగులో ఉండాలి. కప్పు లేత బూడిద, మధ్యలో ముదురు.

ఇంజన్‌కి?

ఆల్కో డీజిల్ అయితే, డబ్ల్యూడీఎం-2, 3ఏ లాంటివి, పొగ గొట్టం చుట్టూ నల్ల పౌడర్ వేసి అది వెళ్లే దిశలో వెనక్కి లాగండి. మసి నున్నటి నలుపు కాదు, మ్యాట్ నలుపులో కాస్త గోధుమ. డీజిల్ పోసే మూత కింద మాత్రం మెరిసే తడి మచ్చ ఒకటి, గ్లాస్ వార్నిష్‌లో చుక్క బర్న్ట్ అంబర్ కలిపి. బండి మొత్తం మ్యాట్‌గా ఉండి ఒక్కచోట తడి మెరుపు ఉంటే కెమెరా వెంటనే పట్టుకుంటుంది.

ఎలక్ట్రిక్ ఇంజన్‌కి పాంటోగ్రాఫ్ కార్బన్ పట్టీ అరిగి రాలే ముదురు బూడిద పొడి కప్పు మీదుగా పరుచుకుంటుంది. ముందు అద్దాల మీద వైపర్ తుడిచిన చాపం వదిలి దుమ్ము వేయాలంటే, మాస్కింగ్ టేపుని ఆ ఆకారంలో కోసి అతికించి స్ప్రే చేయండి.

త్రీడీ ప్రింట్ బాడీ మీద వాష్ వేస్తే గీతలు గీతలుగా వచ్చింది. ఎందుకు?

వాష్ పల్లం వెతుక్కుంటుంది. ప్రింటు పొరల మధ్య సందులు కంటికి కనిపించకపోయినా వాష్‌కి కనిపిస్తాయి. మొదలే ఫిల్లర్ ప్రైమర్ రెండు కోట్లు వేసి, 600, తర్వాత 1000 నంబరు ఎమరీ పేపర్‌తో నీళ్లు పెట్టి రుద్దాలి. ఇప్పటికే రంగు వేసేశారా? అయితే ద్రవ వాష్ మానేసి పౌడర్, స్పాంజి పద్ధతులతోనే పూర్తి చేయండి.

వార్నిష్ కొట్టగానే తెల్లగా పొగమంచు కమ్మినట్టు అయింది. పోతుందా?

సాధారణంగా రెండు కారణాలు. ఒకటి గాలిలో తేమ. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం సాయంత్రం స్ప్రే డబ్బా కొడితే ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, తేమ అక్కడ చేరి తెల్లబారుతుంది. తేమ 70 శాతం దాటిన రోజు స్ప్రే పని పెట్టుకోవద్దు. చేయక తప్పదనుకుంటే బయట రెండు మూడు విసుర్లు కొట్టి వెంటనే ఏసీ గదిలోకి తేవాలి. తెల్లబారినది బాగా ఆరాక, పొడి రోజున అదే వార్నిష్ పలచని కోటు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

రెండో కారణం, మ్యాట్ లక్కర్ మీద ఐసోప్రొపైల్ వాష్ వేయడం. కొందరు వెలిసిన రంగు కోసం కావాలనే ఇలా చేస్తారు. మీకు వద్దనుకుంటే మళ్లీ ఒక మ్యాట్ కోటు వేయండి, తగ్గుతుంది.

పౌడర్ చక్కగా వచ్చింది, వార్నిష్ కొట్టాక మాయమైంది.

తడి తగలగానే పౌడర్ సగానికి పైగా మాయమైనట్టు ఉంటుంది. లేత రంగులు మరీ. చేతితో పట్టుకునే చోట్ల మాత్రమే వార్నిష్ వేసి, ఫ్రేములు, కప్పు అలాగే వదిలేయడం మా సలహా. తప్పనిసరి అయితే పౌడర్ ఒక పొర, దూరం నుంచి పొగలాంటి వార్నిష్, మళ్లీ పౌడర్, ఇలా మూడుసార్లు చేయండి. చివరి పొరని వార్నిష్ లేకుండా వదలండి.

ట్రాక్‌కి ఏం చేయాలి?

కొత్త మోడల్ పట్టా పక్కలు వెండిలా మెరుస్తుంటాయి. ఫోటోని చంపేది ఇదే. నిజం పట్టాకి పై ముఖం ఒక్కటే మెరుస్తుంది, పక్కలన్నీ ఎర్ర గోధుమ. ఎక్స్‌ఎఫ్-10, ఎక్స్‌ఎఫ్-64 సమంగా కలిపి చిన్న బ్రష్‌తో పక్కలకి వేసి, రంగు ఆరకముందే పై ముఖాన్ని ఐసోప్రొపైల్ గుడ్డతో తుడవండి. పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) నాలుకలు తాకే చోట రంగు పడితే కరెంటు అందదు, అక్కడ టేపు వేయండి.

60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ., స్కేలులో దాదాపు 2 మి.మీ., అంటే కోడ్ 83 దగ్గర (కోడ్ అంటే మోడల్ పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో). 52 కిలోల పట్టా 156 మి.మీ., దానికి కోడ్ 70 సరిగ్గా సరిపోతుంది. కోడ్ 100 వాడేసినవాళ్లు కంగారు పడొద్దు. పక్కలు ముదురుగా వేస్తే ఎత్తు అంతగా తెలియదు.

కంకర 0.25 నుంచి 0.75 మి.మీ. మధ్య జల్లించండి. మార్కెట్లో దొరికే 1 మి.మీ.కి పైబడిన రాళ్లు ఫోటోలో బండరాళ్లే. అతికించడానికి ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు, లిక్విడ్ సోపు ఒక చుక్క.

నది ఇసుక, ఎర్రమట్టి వాడేముందు ప్లాస్టిక్ కవరులో చుట్టిన అయస్కాంతాన్ని అందులో తిప్పండి. అతుక్కొచ్చే నల్ల రేణువులు ఇంజన్ మోటారులోకి చేరితే మోటారు పోతుంది.

వెదరింగ్ అయ్యాక ఇంజన్ ఆగి ఆగి నడుస్తోంది.

చక్రం తిరిగే అంచు మీదో, చక్రం వెనక కరెంటు తీసుకునే రాగి పట్టీల మీదో రంగు పడింది. ఐసోప్రొపైల్ ముంచిన ఇయర్ బడ్ పెట్టి, చక్రాల్ని తక్కువ వోల్టేజీలో తిప్పుతూ తుడవండి. చక్రం ముఖానికి రంగు వేసేటప్పుడు ఇంజన్‌ని తలకిందులుగా పెట్టి, వైర్లు తగిలించి, నెమ్మదిగా తిప్పుతూ వేస్తే ముఖమంతా సమంగా పడుతుంది. పట్టు కోసం రబ్బరు టైర్లున్న చక్రాలకి పౌడర్ తగలనివ్వొద్దు, జారుతాయి.

ఫోటోకి ఫోన్ చాలా?

చాలా పనులకి చాలు, కొన్నిటికి కెమెరా కన్నా మేలు. సెన్సార్ చిన్నది కావడంతో ఫోకస్ లోతు ఎక్కువ దొరుకుతుంది. ముఖ్యమైన కిటుకు: ఫోన్‌ని తలకిందులు చేయండి. లెన్సు కిందికి వచ్చి ట్రాక్ పక్క నేలకి సెంటీమీటరున్నర ఎత్తులో ఉంటుంది. మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లని 87తో భాగిస్తే 18 మి.మీ. పట్టాల పక్క నిలబడ్డ మనిషి చూసే చూపు అదే. తలెత్తి బండిని చూస్తున్నట్టు రావాలి, విమానంలోంచి చూస్తున్నట్టు కాదు.

ఫుటోవర్ బ్రిడ్జి మీద నుంచి చూపు కావాలంటే 80–100 మి.మీ. ఎత్తు. ఈ రెండింటికీ మధ్య ఎత్తుల్లో తీసిన ఫోటోలు ఎందుకో బొమ్మల్లా కనిపిస్తాయి. నిజజీవితంలో అక్కడ నిలబడే చోటు ఉండదు మరి.

వైడ్ లెన్సు దగ్గరగా పెడితే ఇంజన్ మూతి ఉబ్బినట్టు వస్తుంది. మెయిన్ లెన్సుతో 25–35 సెం.మీ. దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకోండి.

ఎఫ్/16 పెట్టినా కోచ్ సగమే స్పష్టంగా వస్తోంది.

ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నదవుతుంది, స్పష్టమైన లోతు పెరుగుతుంది. లెక్క చూడండి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 మి.మీ. లెన్సు, అర మీటరు దూరం: ఎఫ్/16 దగ్గర స్పష్టమైన లోతు సుమారు 10 సెం.మీ., ఎఫ్/8 దగ్గర సుమారు 5 సెం.మీ. మన ఐసీఎఫ్ కోచ్ ఒక్కటే 24.5 సెం.మీ. ఎఫ్/22కి పోతే లోతు కాస్త పెరుగుతుంది కానీ డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం ఫోటో మెత్తబడుతుంది.

దీనికి మందు ఫోకస్ స్టాకింగ్, అంటే వేర్వేరు దూరాలకి ఫోకస్ చేసిన ఫ్రేముల్ని కంప్యూటర్లో ఒకటిగా కలపడం. ట్రైపాడ్ మీద కెమెరా, ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, ఎక్స్‌పోజరూ వైట్ బ్యాలెన్సూ మాన్యువల్. 40 సెం.మీ. దగ్గర మొదలై 1.4 మీటర్ల దాకా స్పష్టంగా కావాలంటే పై లెన్సుతో సుమారు 20 ఫ్రేములు. దగ్గరి వైపు చిన్న చిన్న అడుగులు, దూరం పోయేకొద్దీ పెద్దవి. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ డబ్బు పెట్టి కొనేవి. హ్యూగిన్‌తో వచ్చే పనిముట్లు ఉచితం.

తీస్తున్నంతసేపూ సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఓహెచ్‌ఈ తీగ (ట్రాక్ పైన ఉండే కరెంటు తీగ), చెట్ల ఆకులు ఊగితే ఆ చోట రెండు మూడు నీడలు పడతాయి. చెక్క నేల మీద అటూ ఇటూ నడవకండి. ముందున్న స్తంభం అంచు చుట్టూ మసక వలయం వస్తే అది స్టాకింగులో మామూలు జబ్బే. స్తంభం ఫోకస్‌లో ఉన్న ఫ్రేము నుంచి ఆ భాగాన్ని చేత్తో అతికించాలి.

ఎండ పడినట్టు వెలుగు ఎలా తేవాలి?

సూర్యుడు ఒక్కడే కాబట్టి నీడా ఒక్కటే ఉండాలి. రెండు దీపాలు రెండు వైపులా పెడితే ప్రతి స్తంభానికీ రెండు నీడలు. పైగా సాఫ్ట్‌బాక్సు వెలుగు ఎండలా కాదు, మబ్బులా ఉంటుంది. ఆకాశంలో సూర్యుడి కోణం అర డిగ్రీ చిల్లర. రెండు మీటర్ల దూరంలో ఆ కోణం రావాలంటే దీపం వ్యాసం 2 సెం.మీ. కన్నా తక్కువ ఉండాలి. డిఫ్యూజర్ తీసేసిన చిన్న సీఓబీ ఎల్‌ఈడీ సరిగ్గా అంత ఉంటుంది. దాన్ని పైన, ఒక పక్కగా, 40–50 డిగ్రీల ఎత్తులో పెట్టండి. నీడల్లో నలుపు మరీ ఎక్కువైతే ఎదురు వైపు తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి. ఆకాశం వెలుగు పని అది చేస్తుంది.

దీపం 5000–5600 కెల్విన్, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉండాలి. సీఆర్‌ఐ తక్కువైతే తుప్పు ఎరుపులు బురదలా మారతాయి. గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పండి. ఫోటోలో అడ్డ చారలు వస్తుంటే అది 50 హెర్ట్జ్ కరెంటు మినుకు. షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి.

వెనక గోడ బొమ్మ గోడలాగే కనిపిస్తోంది.

దృశ్యానికీ గోడకీ మధ్య కనీసం 45 సెం.మీ. ఖాళీ ఉంచండి, బండి నీడ గోడ మీద పడకూడదు. ఆకాశం నీలం చాలా పలచగా, కింద దాదాపు తెల్లగా ఉండాలి. మన వేసవి ఆకాశం పోస్టు కార్డు నీలం కాదు. అరకు కొండలు గీస్తుంటే దూరపు వరసలో ఆకుపచ్చ వాడకండి, నీలి బూడిద చాలు. క్షితిజ రేఖ కెమెరా లెన్సు ఎత్తులోనే ఉండాలి. బొమ్మలో రేఖ పైకీ కిందికీ ఉంటే లోపం ఏమిటో చెప్పలేకపోయినా కన్ను ఒప్పుకోదు.

హెచ్‌ఓ ట్రాక్ 16.5 మి.మీ., మన బ్రాడ్ గేజ్ అంత సన్నం కాదు కదా?

నిజమే. 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. దాదాపు 3 మి.మీ. తేడా. ట్రాక్ మార్చకుండా ఫోటోలో దాచొచ్చు: పట్టాల మధ్య నిలబడి ఎదురుగా తీయకండి. ముప్పావు కోణంలో, తక్కువ ఎత్తు నుంచి తీస్తే తేడా కనిపించదు. ఎదురుగా తీయక తప్పదంటే ముందు గడ్డి దుబ్బో ప్లాట్‌ఫాం అంచో దగ్గరి పట్టాకి అడ్డం పెట్టండి.

ఓహెచ్‌ఈ తీగ విషయమూ ఇంతే. అసలు కాంటాక్ట్ తీగ స్కేలులో 0.14 మి.మీ., మోడల్ తీగ దానికి రెండు మూడింతలు. రాగి మెరుపు పోయేలా ముదురు బూడిద వేస్తే సగం సన్నబడినట్టే.

రాత్రి దృశ్యం, హెడ్‌లైటు, పొగ?

ఒకే ఎక్స్‌పోజరులో అన్నీ రావు. ట్రైపాడ్ కదపకుండా హెడ్‌లైటు ఆర్పి ఒక ఫ్రేము, వెలిగించి తక్కువ ఎక్స్‌పోజరులో మరో ఫ్రేము తీసి కలపండి. పాతకాలం ప్లాట్‌ఫాంకి చల్లని తెల్ల ట్యూబులైటు ఛాయ, యార్డుకి సోడియం నారింజ. అంతటా పసుపు ఎల్‌ఈడీలు పెడితే పెళ్లి పందిరే. పొగ విషయానికొస్తే, దూది వద్దు. అగరుబత్తి పొగ కూడా స్కేలుకి సన్నగా, వేగంగా పోతుంది. నల్ల గుడ్డ ముందు పొగని విడిగా ఫోటో తీసి కంప్యూటర్లో చేర్చడమే మేలు.

క్లిక్ చేసే ముందు ఏం చూసుకోవాలి?

ఒక ట్రయల్ ఫోటో తీసి పూర్తి జూమ్‌లో మూలమూలా వెతకండి. పట్టా దిగిన చక్రం, నేలకి అతుక్కోని భవనం అడుగున వెలుగు గీత, వాలిన స్తంభం, కప్పు మీద వెంట్రుక, బఫర్ల మధ్య పెద్ద కప్లర్ కొక్కెం, స్టాండు మెరిసే బొమ్మ మనిషి కాళ్లు. వెంట్రుక ఒక్కటి చాలు, మొత్తం స్కేలు బయటపడిపోతుంది. కెమెరా వాళ్ల రబ్బరు బ్లోయర్ వాడండి. నోటితో ఊదితే తేమ పడి పౌడర్ మచ్చలవుతుంది.

లేఅవుట్ ముక్కని బయట అసలు ఎండలో పెట్టి తీయొచ్చా?

దానికి మించిన వెలుగు లేదు. ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర, లేదా సాయంత్రం చివరి గంటన్నర. బోర్డుని స్టూలు మీద ఎత్తుగా పెట్టి, వెనక నిజం ఆకాశమో దూరపు చెట్ల వరసో వచ్చేలా తిప్పండి. దగ్గరి గోడలు, కరెంటు స్తంభాలు ఫ్రేములోకి వస్తే స్కేలు చెడుతుంది. గాలి లేని రోజు చూసుకోండి. మార్చి తర్వాత మాత్రం పది నిమిషాలకి మించి ఎండలో ఉంచొద్దు: పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింటు చేసిన బాడీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ముదురు రంగు వేసిన కప్పు ఎండలో ఆ వేడిని సులభంగా అందుకుంటుంది. ఫ్రేము కుదుర్చుకునేటప్పుడు బోర్డు మీద పాత వ్యాగన్ ఒకటి ఉంచి, కెమెరా అంతా సిద్ధమయ్యాకే మంచి బండిని నీడలోంచి తెచ్చి పెట్టండి.